గోరీ కూర్చుని విసిరిన గుండు

మరిపెడలో బాబామియా వెల్డింగ్ షాపు ఎక్కడ అని అడిగితే బస్టాండులో జామకాయలమ్మే ఆడవాళ్లు కూడా చేయెత్తి చూపిస్తారు. ఆ బాబామియా నేనే. వయసు డెబ్బై ఒకటి. చదువు రఘునాథపల్లి సర్కారు బడిలో ఏడో తరగతి దాకా. అదీ లెక్కల్లో మొదటి నంబరు. ఈ మండలంలో కరెంటు వెల్డింగు మిషను మొదట దింపింది నేను. ట్రాక్టరుకు దమ్ము చక్రాలు మొదట చేసింది నేను. కాళ్లు లేనివాళ్లు చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండ్లు ఇప్పటికి అరవై మూడు చేశాను, వాటిలో ఒక్కదానికీ అతుకు ఊడలేదు. ఒక కలెక్టరు నన్ను పిలిపించి శాలువా కప్పాడు. నా గొప్ప నేను చెప్పుకుంటాను, నాకు సిగ్గు లేదు. అయితే ఈ కథ నా శాలువాది కాదు, గోరీది.

గోరీ మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న తండా పిల్ల. అప్పటికి ఇరవై ఆరేళ్లు. భర్త చత్రు పాము కరిచి చనిపోతే, అతని పేరు మీది ఎకరం ముప్పై గుంటలు ఆమెకు వచ్చాయి. చత్రు అన్న బలరాం కన్ను ఆ చేను మీద పడింది. బోరు ఇద్దరికీ ఒకటే. ఒకరోజు ఆమె వంతు, ఒకరోజు అతని వంతు. తన వంతు నాడు గోరీ మిర్చి తోటకు నీళ్లు పెడుతుంటే బలరాం వచ్చి మోటారు ఆపాడు. ఆమె మళ్లీ వేసింది. అతను మళ్లీ ఆపాడు. ఆమె స్టార్టర్ డబ్బాకు అడ్డంగా నిలబడింది. కంప కొట్టడానికి తెచ్చుకున్న గొడ్డలి అతని చేతిలోనే ఉంది. దానితో ఆమె కుడి మోకాలి మీద కొట్టాడు. పడిపోయాక మళ్లీ కొట్టాడు. మోటారు ఆగినా కాలువలో మిగిలిన నీళ్లు కదులుతూనే ఉన్నాయట, రక్తం వాటితో కలిసి మిర్చి సాళ్ల పొడవునా పోయిందట. వరంగల్ దవాఖానలో ఆ కాలు తొడ సగం దాకా తీసేశారు.

బలరాం జైలుకు పోయాడు, డెబ్బై రోజులకు జామీను మీద వచ్చాడు. కేసు విచారణకు ఇంకా ఏడాది పడుతుందన్నారు. ఆలోగా ‘కంప కొడుతుంటే గొడ్డలి జారి తగిలింది’ అని రాసిన రాజీ కాగితం మీద గోరీ వేలిముద్ర వేయించుకోవాలి. రోజూ అదే అతని పని. ఆమె ఇంటి తలుపు అతని తలుపుకు ఎదురుగానే ఉంటుంది. ఒకనాడు ఆమె కోళ్లన్నిటికీ మెడలు విరిచి గడప ముందు వరసగా పెట్టిపోయాడు.

నేను గోరీని మొదట చూసింది మిర్చి కోతల కాలంలో. చంక కర్ర కింది ఇనుప గొట్టం విరిగితే అతికించుకోవడానికి నా షాపుకు వచ్చింది. నేను అతుకు వేస్తున్నాను, ఆమె నా బల్ల మీద కూర్చుని ఉంది. బలరాం మోటారు సైకిలు మీద వచ్చి రోడ్డు అవతల ఆపాడు.

“ఏమే, ఒంటికాలుకు గింత సోకా? కాగితం జేబుల్నే ఉన్నది. ఏలు పెట్టు, నీ జోలికి రాను.”

“పెట్టనన్న గద బావా. చెవుడా నీకు?”

“ఇంకో కాలున్నదని నీలుగుతున్నవే నువ్వు. అది ఎన్నొద్దులుంటదో సూస్త.”

బల్ల మీద నా సుత్తి ఉంది. గోరీ లేవలేదు. కూర్చున్న చోటి నుంచే తీసి విసిరింది. అది బలరాం చెవిని గీరుకుంటూ పోయి, అతని వెనక మూసి ఉన్న ఎరువుల దుకాణం షట్టరుకు తగిలింది. ఊరంతా ఉలిక్కిపడేంత చప్పుడు. బలరాం బండి కింద పడేసి రెండడుగులు ఉరికాడు, మళ్లీ సిగ్గుపడి వెనక్కి వచ్చాడు. అతని చెవి తమ్మె చీలి చొక్కా మీదకి రక్తం కారుతోంది.

“ముసలోడా, నువ్వే సాక్షం. నన్ను సంప జూసింది ఇది!”

“సంపాలనుకుంటే నడినెత్తిల తగుల్తుండె కొడుకా. బండి లేపుకొని పో,” అన్నాను.

అదే సమయంలో రాజీవ్ నా షాపులో ఉన్నాడు. డోర్నకల్‌లో ఒక బడికి వ్యాయామం సారు, వాలీబాల్ స్తంభాలు అతికించుకోవడానికి వచ్చాడు. అతను బలరాంనూ చూడలేదు, రక్తాన్నీ చూడలేదు. బల్ల దగ్గర నుంచి షట్టరు దాకా అడుగులు లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి.

“అక్కా, గుండు ఇసురుతవా?” అని అడిగాడు.

“ఎవని మీద సార్?”

రాజీవ్ నవ్వి చెప్పాడు. హనుమకొండలో ఒక సంస్థ వికలాంగ క్రీడాకారులకు హాస్టల్ పెట్టింది. రెండేళ్లు అక్కడే తిండి, అక్కడే శిక్షణ. రెండు నెలల్లో జనగామలో ఎంపికలు. కూర్చుని మూడు కిలోల ఇనుప గుండు ఏడు మీటర్లు విసిరిన ఆడపిల్లను తీసుకుంటారు. ఏడుకు వేలెడు తక్కువైనా తీసుకోరు.

గోరీ ఏడు మీటర్ల గురించి అడగలేదు. “ఆ హాస్టల్‌కు గేటుంటదా సార్? ఎంతెత్తుంటది?” అంది.

“రెండు నిలువులుంటది. వాచ్‌మన్ ఉంటడు.”

“అయితే ఇసురుత.”

ఆ మాటతో నాకు అంతా అర్థమైంది. విచారణ రోజు దాకా ఆమె బలరాం చేతికి అందకూడదు. ఆ ఏడు మీటర్లు పడితే గేటు లోపల ఉంటుంది. పడకపోతే అతని ఎదురింట్లో ఉంటుంది.

కుర్చీ నేను చేస్తానన్నాను. నిలబడలేనివాళ్లు గుండు విసరడానికి ప్రత్యేకంగా కుర్చీ ఉంటుందని రాజీవ్ ఫోనులో బొమ్మలు చూపించాడు. “కదిలేది, ఊగేది ఏదీ ఉండొద్దు సాబ్,” అని కూడా చెప్పాడు. నేను ట్రాక్టరు పనివాణ్ని. పాత ట్రాక్టరు సీటు, దాని కింద స్ప్రింగు ఉంటే నడుముకు సుఖం, పైగా ఆ ఊపు గుండుకు కలిసొస్తుంది అనుకున్నాను. ఒకరి మాట వినే అలవాటు నాకు తక్కువ.

మొదటి కుర్చీ మీద గోరీ మొదటిసారి విసిరిన రోజు గుండు నాలుగు మీటర్ల దగ్గర పడింది. స్ప్రింగు తిరిగి తన్నింది. బెల్టు తెగి, గోరీ మొహం ముందుకు పోయి, నేను ఇనుము పెట్టి కొట్టే దాగలి దిమ్మెకు కొట్టుకుంది. గడ్డం రెండుగా చీలింది. నా భార్య ఖాజాబీ కొంగుతో అదిమి పట్టుకుంటే కొంగు తడిసి ముద్దయింది. గోరీ అరచేతిలోకి ఒక పన్ను ఉమ్మి, దాన్ని తిప్పి చూసింది.

“తాతా, గుండు ఇసురుమన్నవ్ అనుకున్న. నన్ను ఇసురుతవనుకోలే.”

“అజీ, పిల్లను సంపుతవా?” అని ఖాజాబీ రొట్టెలు తిప్పే చిమ్టా నా మీద ఎత్తింది. యాభై ఏళ్ల సంసారంలో ఆమె నా పనికి వంక పెట్టడం అదే మొదటిసారి.

రెండో కుర్చీ మొద్దు కుర్చీ. నాలుగు కాళ్లకూ లావు యాంగిల్ ఇనుము. ఎడమ చేత్తో పట్టుకోవడానికి ముందు ఒక నిలువు గొట్టం. తొడల మీదుగా లారీ బెల్టులు రెండు, కొక్కెం వెనక వైపు. నాలుగు మూలలకూ గొలుసులు. నేలలో దిగ్గొట్టిన మేకులకు బిగించేస్తే ఏనుగు లాగినా కదలదు. చేశాక సమ్మెటతో ఇరవై దెబ్బలు కొట్టి చూశాను. వీధి కుక్కలు పారిపోయాయి కానీ అతుకు కదలలేదు.

కుర్చీకేం కాలేదు, పిల్లకే అయింది. ప్రతి విసురుకూ తెగిన తొడ ఇనుప పలక మీద రాసుకునేది. పుండు మానక ముందే మళ్లీ చీలేది. పది విసుర్లయ్యాక ఆమె లేస్తే పలక ఎర్రగా ఉండేది. ఒకసారి నొప్పికి స్పృహ తప్పి గొలుసుల మీద వేలాడింది. నీళ్లు చల్లితే కళ్లు తెరిచి, “ఎంత పడ్డది?” అని అడిగింది. ఆరున్నర అంటే, “థూ,” అని మళ్లీ గుండు తీసుకుంది.

అప్పుడు ఖాజాబీ పాత గొంగడిని ఎనిమిది మడతలు పెట్టి దబ్బనంతో కుట్టింది. దాన్ని నేను పలక మీద పెట్టి, ఇనుప పట్టీలతో చుట్టూ బిగించేశాను. విసురు ఏడు మీటర్లు దాటింది. ఏడూ పది, ఏడూ పదిహేను.

మెత్తతో కలిపి కుర్చీ ఎత్తు డెబ్బై ఐదు సెంటీమీటర్లు మించకూడదని నియమం. గోరీని కూర్చోబెట్టి టేపు పెట్టాను. సరిగ్గా డెబ్బై ఐదు. అరవై మూడు బండ్లనూ అట్లాగే కొలిచాను. మనిషిని ఎక్కించి కొలవకపోతే బండిలో కాలు నేలకు రాస్తుంది. అది నేను ఎవరి దగ్గరా నేర్చుకోకుండా కనిపెట్టిన పద్ధతి.

“ఒక్కసారి నేను గూడ కొలుస్త సాబ్,” అన్నాడు రాజీవ్.

“నువ్వు పుట్టకముందు నుంచి కొలుస్తున్న. టేపు ఆడ పెట్టు,” అన్నాను. పెట్టేశాడు.

ఎంపికలు ఇంకా నాలుగు రోజులున్నాయనగా, మధ్యాహ్నం బలరాం వచ్చాడు. ఈసారి కాగితం తేలేదు, గొడ్డలి తెచ్చాడు. గోరీ కుర్చీలో బెల్టులు కట్టుకుని ఉంది. కొక్కెం వెనక ఉండటం వల్ల తనంతట తాను విప్పుకోలేదు. నేను చేసిన కుర్చీలో ఆమె కదలకుండా, అతనికి అందేటట్టు కూర్చుని ఉంది.

“హాస్టల్‌కు పోతవా? పో. రెండో కాలు గూడ ఈడ్నే పెట్టి పో.”

నేను సమ్మెట పట్టుకుని అడ్డం పోయాను. అతను గొడ్డలి తిరగేసి నా ఎడమ చేతి మీద కొట్టాడు. మోచేతికీ మణికట్టుకూ నడుమ ఎముక విరిగిన చప్పుడు నేనే విన్నాను. సమ్మెట జారింది. కడుపులో తన్నాడు, వెనక్కి పోయి ఇనుప ముక్కల కుప్పలో పడ్డాను, తల పగిలి కంట్లోకి రక్తం దిగింది.

ఆ రక్తంలో నుంచే చూశాను. మొదటి వేటు కుర్చీ కాలి మీద పడి నిప్పులు లేచాయి. గొడ్డలి జివ్వున వెనక్కి తన్నింది. ఆ తన్నుకు అతను ఒకడుగు వెనక్కి వేసి, రెండో వేటుకు ఎత్తాడు. గోరీ ఒళ్లో గుండు ఉంది. భయంతో పారేస్తుందనుకున్నాను. ఆమె రాజీవ్ నేర్పినట్టే చేసింది. గుండు మెడ కిందికి తెచ్చుకుంది, ఎడమ చేత్తో గొట్టం పట్టుకుంది, నడుము వెనక్కి తిప్పింది, తోసింది. రెండు మీటర్ల దూరం కూడా లేదు. గుండు అతని కుడి భుజం మొదట్లో తగిలింది. ఎండు కట్టె విరిచినట్టు మెడ కింది కంటె ఎముక విరిగింది. అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు, తరవాత పక్కకు పడి కాళ్లు కొట్టుకున్నాడు.

గొడ్డలి ఖాజాబీ కాళ్ల దగ్గర పడింది. అరవై ఐదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. దాన్ని రెండు చేతులా ఎత్తి అతని తల దగ్గర నిలబడింది.

“లేస్తె నరుకుత. ఖుదా కసం, నరుకుత.”

“అవ్వా, జర నా బెల్టు ఇప్పు,” అంది గోరీ. “వీని మొఖం దగ్గర్నుంచి సూడాలె.”

“నక్కో, అద్దు. నువ్వు కూసో,” అంది ఖాజాబీ.

పోలీసులు వచ్చారు. రెండు వైపులా కేసు రాశారు, గోరీని మాత్రం పిలిచినప్పుడు రావాలని చెప్పి వదిలేశారు. బలరాంను పోలీసు కాపలాతో దవాఖానకు తీసుకుపోయారు. నా చేతికి కట్టు, తలకు తొమ్మిది కుట్లు. డాక్టరు మంచం దిగొద్దన్నాడు. నాలుగో రోజు పొద్దున్నే గోరీతో కలిసి డోర్నకల్‌లో రైలెక్కాను. కుర్చీ ఒక చివర రాజీవ్, ఒక చివర నేను, కుడి చేత్తో.

జనగామ మైదానంలో కొలతలు చూసే అధికారిణి నడివయసు మనిషి. గోరీని పక్కన కూర్చోమని, ఖాళీ కుర్చీకి టేపు పెట్టింది.

“డెబ్బై తొమ్మిది. పనికిరాదు.”

నా చెవులు నేనే నమ్మలేదు. “మేడం, డెబ్బై ఐదు. నేను కొలిచిన.”

“మనిషి కూసున్నంక కొలిచిండ్రా పెద్దాయనా? ఖాళీగనే కొలవాలె. మెత్త ఉబ్బి ఉంటది గద.”

గొంగడి. ఎనిమిది మడతల గొంగడి గోరీ బరువుకు నాలుగు సెంటీమీటర్లు అణిగింది. ఆమె లేస్తే నాలుగు సెంటీమీటర్లు లేచింది. బండికి పనికొచ్చిన పద్ధతి కుర్చీని ముంచింది. రాజీవ్ నా వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది.

“గొంగడి పీకేద్దాం,” అన్నాను.

“ఒట్టి ఇనుము మీద మూడుసార్లు ఇసరలేను తాతా. మొదటిదానికే పడిపోత. కాళ్లు కొయ్యి,” అంది గోరీ. “దాని కాళ్లు.”

పావుగంట ఇచ్చారు. రాజీవ్ ఎక్కడినుంచో ఒక ఆక్సా బ్లేడు, ఒక సమ్మెట పట్టుకొచ్చాడు. నేను గుర్తు పెట్టాను, అతను కోశాడు. ఒకటి, రెండు, మూడు కాళ్లు సరిగ్గా తెగాయి. నాలుగోది సగం తెగాక బ్లేడు విరిగి అతని అరచేతిలో దిగింది. వేరే బ్లేడు లేదు. నేను ఒంటి చేత్తో సమ్మెట ఎత్తి కొట్టాను. ప్రతి దెబ్బకూ విరిగిన చేయి పీక దాకా మండింది. ఐదో దెబ్బకు ముక్క ఊడింది, కానీ గుర్తుకు పైన చీలి ఊడింది. వెనక కుడి కాలు మిగతా మూడింటి కన్నా వేలి మందం పొట్టిదైపోయింది. ఎత్తు ఇప్పుడు నియమం ప్రకారం ఉంది. కుర్చీ మాత్రం ఊగుతోంది.

మూడు విసుర్లు.

మొదటిది: ఆమె వెనక్కి ఒరగగానే కుర్చీ పొట్టి కాలి మీదికి ఒరిగింది, ముందుకు తోయగానే తిరిగి లేచింది. బలమంతా ఆ ఊపులో పోయింది. ఆరు మీటర్ల నలభై.

రెండోది: ఊపును ఆపాలని నడుము బిగించింది. ఒళ్లు సీటు మీద నుంచి లేచింది. ఎర్ర జెండా ఎత్తారు, ఆ విసురు లెక్కలోకి రాదు. గొంగడి కింద నుంచి రక్తం సన్నగా ఇనుప కాలు మీదికి దిగుతోంది.

నేను దగ్గరికి పోయాను. “బిడ్డా, పొట్టి కాలు కింద రేకు ముక్క పెడత.”

“పెట్టనియ్యరు,” అన్నాడు రాజీవ్.

“అయితే గొలుసులు నాలుగూ సమానంగ ఇంకా బిగిస్త.”

“సమానం గిమానం ఇడ్సిపెట్టు!” గోరీ నా చొక్కా పట్టుకుని తన మొహం దగ్గరికి లాగింది. పన్ను ఊడిన సందులో నుంచి గాలి వస్తోంది. “నీ కొలతలు సాలు తాతా. నేను జెప్పినట్టు జెయ్యి. నేను ఎనక్కి ఒరుగుత. కుర్సీ పొట్టికాలు మీద కూసుంటది గద, గప్పుడు ఎనక గొలుసు గుంజు. మల్ల లేవకుండ గుంజు. ముందటిది ఆఖర్ల గట్టు.”

“గట్ల కడితే కుర్సీ వంకరుంటది. ముందు కాలు గాలిల ఉంటది.”

“ఉండనీ. ఊగది గద!”

యాభై ఏళ్లుగా నేను ఏ వస్తువునూ వంకరగా నిలబెట్టలేదు. ఆ రోజు నిలబెట్టాను. ఆమె పళ్లు బిగించి, పుండు మీదే బరువంతా వేసి వెనక్కి ఒరిగింది. నేను గొలుసుకు గడ్డపార పెట్టి మెలితిప్పాను, రాజీవ్ రక్తం కారుతున్న చేత్తో పట్టుకున్నాడు. అధికారిణి వచ్చి కుర్చీని కాలితో తన్ని చూసింది. కదలలేదు. సీటు వెనక్కి వాలి ఉండొచ్చు, ముందుకే వాలకూడదు అంది.

మూడోసారి గోరీ ఆలస్యం చేయలేదు. గొట్టం పట్టుకున్న ఎడమ చేతి నరాలు తాళ్లలా లేచాయి. గొంతులో నుంచి ఒక అరుపు వచ్చింది. నేను దాగలి దగ్గర విన్న ఏ చప్పుడూ దానికి సాటి రాదు. వాలిన సీటు వల్ల గుండు ఎప్పటికన్నా ఎత్తుగా పోయింది. పడిన చోట మట్టి పిడికెడు లేచింది.

ఏడు మీటర్ల ఆరు సెంటీమీటర్లు.

నేను ఏడ్చాను. అబద్ధం రాయను. గోరీ ఏడవలేదు. నీళ్లు అడిగి తాగకుండా తొడ మీద పోసుకుంది. ఎర్ర నీళ్లు కుర్చీ కింద మడుగు కట్టాయి. అధికారిణి పేరు రాసుకుంటుంటే, “ఇయ్యాల్నే తోలుకపోతరా మేడం?” అని అడిగింది.

“ఇంటికి పోయి బట్టలు తెచ్చుకోవా?”

“అద్దు. ఇగ ఆ తండాకు పోను.”

కట్టుబట్టలతో ఆ సాయంత్రమే సంస్థ జీపులో హనుమకొండ పోయింది. ఆ ఏడాది తండా మొహం చూడలేదు. విచారణ నాడు అదే జీపులో మహబూబాబాద్ కోర్టుకు వచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పి, అదే జీపులో తిరిగి పోయింది. తీర్పు ఇంకా రాలేదు. ఆమె ఇప్పుడు ఎనిమిది మీటర్లు దాటిందని రాజీవ్ చెబుతున్నాడు. కొత్త కుర్చీ నేనే చేశాను. సీటును కావాలనే రెండు వేళ్లు వెనక్కి వాల్చాను. ఆ వాలు కనిపెట్టింది నేను కాదు, గోరీ. అడిగినవాళ్లకు అట్లాగే చెబుతాను.

బలరాం మాత్రం ఎంపికలైన పదో రోజే మళ్లీ జామీను మీద వచ్చి నా షాపు ముందు నిలబడ్డాడు. భుజానికి కట్టు, చేయి మెడకు వేలాడదీసి ఉంది. నాదీ అట్లాగే ఉంది. ఒంటి చేతి మనుషులం ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

“ఏడ దాసినవ్ ముసలోడా దాన్ని?”

“దాసుడేంది? హనుమకొండల ఉన్నది. అడ్రసు రాసిస్త, పో.”

అతను నోరు తెరిచాడు.

“జర సూసుకొని పో కొడుకా,” అన్నాను. “ఈడ ఒక్కతే ఉండె. ఆడ పన్నెండు మంది ఆడోళ్లు పొద్దుమాపు గుండ్లు ఇసురుతున్నరు.”

లోపల నుంచి ఖాజాబీ దగ్గు వినిపించింది. బలరాం ఆ దిక్కు ఒకసారి చూసి, నోరు మూసుకుని, బస్టాండు వైపు నడిచిపోయాడు.